బుడ్డల కారం వెతికిన మనిషి

పోయిన మాఘమాసం, రెండో బేస్తవారం. రాత్రి ఎనిమిది గంటల ముప్పై నాలుగు నిమిషాలు. గడియారం చూసింది నేనే.

ముందే చెబుతున్నాను. ఇది కట్టుకథ కాదు. నేను యాభై రెండేళ్ళకు అక్షరాలు నేర్చుకున్నదాన్ని. ఒక్కో పేజీ రాయడానికి నాకు ఒక పూట పడుతుంది. అంత కష్టపడి అబద్ధం రాసేంత తిక్కదాన్ని కాదు. ఇందులో ఒక్క మాట కల్పించినా, నేర్చుకున్న అక్షరాలన్నీ నా చేతిలోంచి జారిపోనీ. అంతకంటే పెద్ద ఒట్టు నాకు తెలియదు.

నా పేరు ఓబులమ్మ. మైదుకూరు నుంచి చాగలమర్రి పోయే దారిలో ఒక పల్లె మాది. రోడ్డు పక్కన రేకుల షెడ్డు. అందులో పదిమంది ఆడవాళ్ళం కారాలు, పొడులు చేసి అమ్ముతాం. సరుకు పేరు 'గుండ్రాయి'. డబ్బా మీద ఆ పేరు నా చేతిరాత. 'డ్రా' కింద వత్తు మరీ పెద్దదైంది, పిల్లి తోక మాదిరి. అచ్చువేసేవాడు సరిచేస్తానన్నాడు. వద్దన్నాను. నా చేతిరాతను నేను అచ్చులో చూసుకున్నది అదొక్కటే.

ఆ రాత్రితో ఆ పేరు పోవాల్సింది.

ప్రొద్దుటూరు వ్యాపారి ఒకాయన మా సరుకంతా తీసుకుంటానన్నాడు. కానీ డబ్బా ఆయనది, డబ్బా మీద పేరు ఆయనది. కారం మాత్రం మాది. షెడ్డు నిండా సరుకు నిలిచిపోయి ఉంది. మావాళ్ళు విసిగిపోయారు. బేస్తవారం రాత్రిలోపు సరుకు కదలకపోతే, శుక్రవారం పొద్దున ఆరింటికి ఆయన టెంపో వస్తుంది, ఎక్కించేస్తాం అని మాట ఇచ్చేశాం. ఎక్కించామంటే ఇక 'గుండ్రాయి' అన్న మాట ఎక్కడా ఉండదు.

మిగతావాళ్ళు ఇళ్ళకు పోయారు. షెడ్డులో ముగ్గురం మిగిలాం. నేను, రామలక్షుమ్మ, షమీమ్.

రామలక్షుమ్మ మాకు వేయించే మనిషి. మిరపకాయ ఎంతసేపు వేగాలో వాసన పట్టి చెబుతుంది. నోరు మాత్రం ఒక క్షణం ఊరుకోదు. షమీమ్‌ది మా ఊరే. ముప్పై రెండేళ్ళు, ఇద్దరు పిల్లల తల్లి. కడపలో ఒక ఆఫీసులో కంప్యూటరు పని చేసింది. తర్వాత ఇంట్లో కూర్చునే డిజిటల్ మార్కెటింగ్ కోర్సు చదివింది. మాకు వెబ్‌సైటు పెట్టింది ఆమే.

ఆ రాత్రి పని ఏమిటంటే... మెయిలు పంపడం. మహానందిలోనూ, ఒంటిమిట్ట కల్యాణానికీ మేం స్టాలు పెట్టినప్పుడు, కారం రుచి చూసినవాళ్ళచేత ఒక నోటుబుక్కులో మెయిలు అడ్రసులు రాయించుకున్నాం. ఆరేడు వందల మంది ఉంటారు. వాళ్ళందరికీ ఒకే ఉత్తరం, ఒకే దెబ్బకు. ఉత్తరం కింద ఒక లింకు. దాన్ని తాకితే మా సైటు తెరుచుకుంటుంది. నచ్చితే అక్కడే ఆర్డరు పెట్టొచ్చు. సరిగ్గా తొమ్మిదింటికి పోయేలా షమీమ్ ఏర్పాటు చేసింది.

"తొమ్మిదికే ఏమిటికి మే?" అంది రామలక్షుమ్మ.

"అందరూ అన్నాలు తిని ఫోన్లు పట్టుకునే యాళ గదా అత్తా."

"తిన్నాక కారం ఎవురికి గుర్తొస్తాది? ఆకలి మీద ఉన్నప్పుడు పంపల్ల గానీ."

షమీమ్ తెర మీద టైము మరోసారి చూసుకుంది. ఆకలి సంగతి ఆమె కోర్సులో చెప్పినట్టు లేదు.

"అయినా మా ఇంట్లో మొన్ననే మైల తీరింది. మీరు పొద్దుగూకులూ మెయిలు, మెయిలు అంటాంటే నాకు మళ్ళా తలకు పోసుకోవాలనిపిస్తాంది."

"నువ్వు రోంత ఊరుకోమే" అన్నాను నేను.

షమీమ్ లాప్‌టాపు మాకు కనిపించేలా తిప్పింది. తెర మధ్యలో పెద్ద సున్నా. దాని పైన 'ఇప్పుడు సైటులో ఉన్నవాళ్ళు' అని ఉంది. నేను కూడబలుక్కుని చదివాను.

"దీన్నే ట్రాఫిక్కు అంటారు పెద్దమ్మా. ఎంతమంది వచ్చినారు, యాడ నుంచి వచ్చినారు, ఏ పేజీ చూసినారు, అన్నీ తెలుస్తాయి."

"ట్రాఫిక్కు కావాలంటే మైదుకూరు నాలుగు రోడ్ల కాడికి పోయి నిలబడు. ఈడ సున్నాను ఏం చూస్తావు" అంది రామలక్షుమ్మ.

ఎనిమిదిన్నరకు షమీమ్ ముందుగా ఒక పరీక్ష మెయిలు పంపింది. తప్పులుంటే బయటపడాలని. మూడంటే మూడు అడ్రసులకు. ఆ మూడూ సైటు పెట్టిన కొత్తలో రాసి పెట్టుకున్నవి. నా ఫోను టింగుమంది. షమీమ్ ఫోను టింగుమంది. మెయిలు తెరిచి, వేలు పెట్టి చదివాను. పైన ఇలా ఉంది: 'సహజసిద్ధమైన వేరుశనగ చట్నీ పొడి - ప్రత్యేక తగ్గింపు.'

"ఇది మనం చేసిందేనా?" అని అడిగాను.

"మనదే పెద్దమ్మా. జనం వెతికే మాటలు పెట్టల్లని కోర్సులో చెప్పినారు."

"వేరుశనగ అని నీ నోటితో నువ్వెప్పుడైనా అన్యావా?"

షమీమ్ నవ్వేసింది. నేనూ వదిలేశాను. చదువుకున్న పిల్ల, ఆమెకు తెలుస్తుందిలే అనుకున్నాను. అది నా తప్పు.

అప్పుడే... తెర మీద సున్నా పోయింది.

ఒకటి.

నేను గోడ గడియారం వైపు చూశాను. ఎనిమిదీ ముప్పై నాలుగు.

"పెద్దమ్మా, నువ్వు లింకు తాకినావా?"

"లేదు పాపా. పైన ఉండేది చదివేదానికే నాకు నాలుగు నిమిషాలు పట్టె."

"నేనూ తాకలేదు..." అంది షమీమ్. "సరేలే, ఎవరో వచ్చినారు. మంచిదే గదా."

"వచ్చినోళ్ళను కూచోమను" అంది రామలక్షుమ్మ.

షమీమ్ దగ్గర ఇంకో సాఫ్ట్‌వేరు ఉంది. సైటుకు వచ్చిన మనిషి మనకు కనిపించరు. కానీ వాళ్ళు పేజీ మీద ఎక్కడ తిరుగుతున్నారో అందులో ఒక ఎర్ర చుక్క చూపిస్తుంది. జనం ఎక్కడ ఆగుతున్నారు, ఎక్కడ విసుగొచ్చి పోతున్నారు అని తెలుసుకోవడానికి. మామూలుగా ఆ చుక్క ఈగ మాదిరి తిరుగుతుంది. ఇక్కడ వాలి, అక్కడ వాలి, ఎగిరిపోతుంది.

ఈ చుక్క అలా లేదు.

'మా గురించి' అనే పేజీ తెరుచుకుంది. అందులో మాటలు నేను చెప్పినవే. మొదటి వరుస మొదటి అక్షరం కింద చుక్క ఆగింది. ఆగి... కదిలింది. రెండో అక్షరం కింద ఆగింది. మళ్ళీ కదిలింది.

"ఫోన్లోంచి చూస్తాండారు" అంది షమీమ్. ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. "కానీ ఫోన్లో వేలు జరిపితే పేజీ కదలల్ల. పేజీ కదల్లేదు. చుక్కొకటే కదులుతాండాది."

"అంటే?"

"ఏమో పెద్దమ్మా. ఇట్లా నేనెప్పుడూ చూళ్ళేదు."

"ఆమెకు కుకీలు చూపిచ్చినావా మే?" అంది రామలక్షుమ్మ. "సైటుకొచ్చినోళ్ళకు కుకీలు కావాల్నా అని అడుగుతారంటివి గదా. కారం అమ్మేటోళ్ళం బిస్కెట్లు యాడ తెస్తామో నాకు తెలీదు గానీ."

రామలక్షుమ్మ 'ఆమె' అంది. వచ్చింది ఆడమనిషని ఆమెకు ఎవరు చెప్పారు? అప్పుడు ఎవ్వరం పట్టించుకోలేదు. తర్వాత అడిగితే, నోటికి అట్లా వచ్చిందంది.

తొమ్మిదయింది. పెద్ద మెయిలు పోయింది. ముగ్గురం తెర వైపు చూస్తూ కూర్చున్నాం. ఒకటి రెండయింది. నాలుగయింది. ఏడయింది. షమీమ్ ముఖం వెలిగింది. ఎంతసేపు? అయిదు నిమిషాలు. ఏడు నాలుగయింది. రెండయింది. వచ్చినవాళ్ళు గడప తొక్కి, లోపలికి తొంగి చూసి, వెనక్కి పోయారు. ఒక్క ఆర్డరు రాలేదు.

మళ్ళీ ఒకటి.

ఆ ఒకటి మాత్రం కదల్లేదు. గంట కావస్తోంది. ఇంకా 'మా గురించి' పేజీలోనే ఉంది. నాలుగో వరుస.

తొమ్మిదిన్నరకు షమీమ్ కళ్ళు తుడుచుకుంది. ఏడవలేదు, తుడుచుకుంది. "సాల్లే పెద్దమ్మా. మెయిలు తెరిచినోళ్ళే తక్కువ. పొద్దున టెంపోకు ఎక్కిద్దాం" అని లాప్‌టాపు మూత సగం వంచింది.

నేను చెయ్యి అడ్డం పెట్టాను. "అంగట్లో మనిషి ఉండంగా తలుపేస్తామా?"

"ఇది అంగడి కాదు పెద్దమ్మా."

"సరుకు అమ్మితే అంగడే. ఆమె పోనీ, అప్పుడు మూయి."

నేనూ 'ఆమె' అన్నాను. మూత మళ్ళీ పైకెత్తి, కళ్ళద్దాలు పెట్టుకుని తెరకు దగ్గరగా వంగాను. అప్పటిదాకా దూరం నుంచే చూశాను. ఇప్పుడు చుక్కను సరిగ్గా చూశాను...

చుక్క వరుస చివరికి వచ్చింది. ఆగింది. అక్కడే రెండుసార్లు మెరిసింది.

"అది ఏంది?"

"రెండుసార్లు తాకినారు. ఏమిటికో తెలీదు. ఆడ ఏ బటనూ లేదు."

చుక్క తర్వాతి వరుసకు దిగింది. అక్షరం, అక్షరం, అక్షరం. 'ప్రత్యేకంగా' అన్న మాట దగ్గర తడబడింది. వెనక్కి పోయింది. మాట మొదటికి కాదు... వరుస మొదటికి. మళ్ళీ అన్నీ దాటుకుంటూ వచ్చింది. ఈసారి ఆ మాట దాటింది. వరుస చివర ఆగింది.

రెండుసార్లు మెరిసింది.

అదే క్షణం పైన రేకు... టక్, టక్.

చెప్పాలి గదా, రేకులు రోజూ టక్కుమంటాయి. పగలంతా మా ఎండకు కాలిన రేకులు రాత్రి చల్లబడుతూ చప్పుడు చేస్తాయి. అది అందరికీ తెలుసు. నాకూ తెలుసు. కానీ రోజూ ఎప్పుడంటే అప్పుడు చేస్తాయి, లెక్క లేకుండా. ఆ రాత్రి చుక్క మెరిసినప్పుడల్లా చేశాయి. రెండు మెరుపులు. రెండు చప్పుళ్ళు. మూడు వరుసల దాకా నేను లెక్కపెట్టాను. ఆ తర్వాత లెక్కపెట్టడానికి మనసు రాలేదు.

రామలక్షుమ్మ మాట్లాడ్డం మానేసింది. అంతకంటే భయమైన సంగతి ఆ రాత్రి ఇంకోటి లేదు.

నరసమ్మ గురించి ఇప్పుడు చెప్పాలి.

నరసమ్మ ఆలూరు వైపు నుంచి మా ఊరికి కోడలిగా వచ్చింది. కర్నూలుకు పడమటి దిక్కు. డబ్బులను 'దుడ్లు' అనేది. శెనక్కాయలను 'బుడ్డలు' అనేది. మా కడప వైపు వాళ్ళం నవ్వేవాళ్ళం. మీరు నవ్వితే బుడ్డలు చేదవుతాయా, అని అడిగేది. మేం అమ్మే ఈ పొడి ఆమెది. ఆమె పుట్టింటి బుడ్డల కారం. ఎండుమిర్చి, వెల్లుల్లి, వేయించిన బుడ్డలు, రోట్లో నూరడం. అన్నీ ఆమె నేర్పినవే.

బడి అరుగు మీద సాయంత్రం చదువు పెట్టినప్పుడు మేమిద్దరం కలిసి చేరాం. ఇద్దరికీ ఒకటే పలక. ఆమె ఒక్కో అక్షరం కింద వేలు పెట్టి చదివేది. తప్పుపోతే మాట దగ్గర సరిచేసుకునేది కాదు, వరుస మొదటికి పోయేది. వరుస దాటిందంటే సంతోషం. పలక చెక్క మీద వేలితో రెండు దెబ్బలు కొట్టేది.

టక్, టక్.

ఆమె పోయి రెండేళ్ళయింది.

"షమీమూ" అన్నాను. "ఈ మనిషి మన సైటుకు యాడ నుంచి వచ్చింది? చూడొచ్చు అంటివే."

షమీమ్ ఏదో నొక్కింది. ఊరు అన్న చోట 'తెలియదు' అని ఉంది. ఇంకేదో నొక్కింది. అక్కడ ఆగిపోయింది.

"మెయిల్లో ఉండే లింకులోంచి వచ్చినారు."

"మెయిలు తొమ్మిదికి గదా పోయింది. ఆమె ఎనిమిదీ ముప్పై నాలుక్కే వచ్చె."

"పరీక్ష మెయిల్లోంచి... మూడు అడ్రసులకు పంపింది." షమీమ్ మెల్లగా వేళ్ళు ముడిచింది. "ఒకటి నీది. ఒకటి నాది..."

మూడోదాని కోసం జాబితా తెరిచి చూపించింది. నేను చదివాను. ఆ పేరు చదవడానికి నాకు ఎక్కువసేపు పట్టలేదు. సైటు పెట్టినప్పుడు షమీమ్ తన పేరు, నా పేరు, నరసమ్మ పేరు పరీక్ష జాబితాలో రాసుకుంది. ఆమె పోయినాక తీసెయ్యడం ఎవరికీ గుర్తుకు రాలేదు.

నరసమ్మ కొడుకు మద్దిలేటికి ఫోను చేశాను. నిద్రమత్తులో ఎత్తాడు.

"మద్దిలేటీ, మీ అమ్మ ఫోను ఎవరి కాడ ఉండాదప్పా?"

"అమ్మ ఫోనా? బ్యాటరీ ఉబ్బిపోతే తీసి పారేసినాం పెద్దమ్మా. ఉత్త డొప్ప పెట్టెలో ఉండాది. ఈ యాళప్పుడు అదేమిటికి?"

"ఏం లేదు. పండుకో."

ఫోను పెట్టి తిరిగేసరికి షమీమ్ నా ముంజెయ్యి పట్టుకుంది. తెర వైపు చూపించింది.

పేజీలో పైన వెతికే గడి ఒకటి ఉంటుంది. మనకు కావలసింది అందులో రాస్తే, సైటు వెతికి చూపిస్తుంది. చుక్క ఆ గడి దగ్గరికి పోయింది. గడిలో ఒక అక్షరం పడింది.

బు

చాలాసేపు ఏమీ లేదు.

డ్డ

లాప్‌టాపులో చిన్న ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. మూలన గోనెసంచిలో మిరపకాయలు ఒకదాని మీద ఒకటి సర్దుకున్న చప్పుడు.

ల

తర్వాత ఖాళీ. తర్వాత 'క'. తర్వాత 'రం'.

బుడ్డల కరం.

"కారం అని రాయల్ల. దీర్ఘం మర్చిపోయినారు" అంది షమీమ్, ఏదో ఒకటి అనాలని.

నరసమ్మ ఎప్పుడూ దీర్ఘం పెట్టేది కాదు. పంతులు తిడితే, చదివేటోళ్ళు వాళ్ళే సాగదీసుకుంటార్లే సారూ, అనేది.

సైటు జవాబిచ్చింది: 'మీరు వెతికింది ఇక్కడ లేదు.'

చుక్క కదల్లేదు. మళ్ళీ మొదటి నుంచి రాసింది. బు. డ్డ. ల. మళ్ళీ అదే జవాబు. మూడోసారి రాసింది.

అప్పుడు నాకు భయం పోయింది. దాని జాగాలో కోపం వచ్చింది. ఆమె చేసిన కారం... ఆమెకే లేదంటోంది మా సైటు.

"షమీమూ, ఆ వేరుశనగ తీసెయ్. బుడ్డల కారం అని రాయి."

"ఇప్పుడా?"

"మనిషి నిలబడుకోని అడుగుతాంటే, రేపు చెప్తామా?"

షమీమ్ పేరు మార్చింది. ఒక నిమిషం పట్టింది. చుక్క నాలుగోసారి రాసింది. మళ్ళీ అదే: ఇక్కడ లేదు.

"దీర్ఘం లేదు గదా పెద్దమ్మా. మిషన్‌కు అక్షరం కలవల్ల. కలవకపోతే లేదంటాది."

"అయితే దీర్ఘం లేకుండా కూడా పెట్టు."

"తప్పు గదా."

"తప్పే. పెట్టు."

పెట్టింది. ముగ్గురం తెరకు దగ్గరగా జరిగాం. గడిలో మళ్ళీ అక్షరాలు పడ్డాయి. బు... డ్డ... ల... ఖాళీ... క... రం.

పేజీ తెరుచుకుంది. డబ్బా బొమ్మ. డబ్బా మీద నా వంకర రాత. చుక్క 'గుం' కింద ఆగింది. 'డ్రా' కింద ఆగింది. ఆ పిల్లి తోక వత్తు చుట్టూ ఒకసారి తిరిగింది. 'యి' కింద ఆగింది.

టక్, టక్.

సున్నా.

రామలక్షుమ్మ అప్పుడు నోరు విప్పింది. "వచ్చినామె కొనకుండానే పోయిందే" అంది.

షమీమ్‌కు నవ్వు వచ్చింది. ఆ నవ్వు చూసి నాకు వచ్చింది. ముగ్గురం పిచ్చివాళ్ళ మాదిరి నవ్వాం, కళ్ళలో నీళ్ళు కారేదాకా. భయపడినప్పుడు నవ్వితే ఆగదు, మీరు ఎప్పుడైనా చూశారో లేదో.

నవ్వు ఆగినాక అన్నాను. "ఇంకో మెయిలు పంపు."

"ఒకే రాత్రి రెండు పంపకూడదు పెద్దమ్మా. చెత్తబుట్టలోకి పోతాది. కోర్సులో చెప్పినారు."

"అన్నం తిన్యారా అని రెండుసార్లు అడిగితే ఎవురూ తిట్టరు. పైన ఏం రాయాల్నో నేను చెప్తా. బుడ్డల కారం ఉండాది. అన్నంలోకి కలుపుకుంటారా? అంతే. తగ్గింపు గిగ్గింపు ఏమీ వద్దు."

షమీమ్ రాసింది. పంపేసింది. పంపినాక చదివి, నెత్తిన చెయ్యి పెట్టుకుంది. కంగారులో సైటులోంచి దీర్ఘం లేని పేరు తెచ్చి అతికించింది. ఆరేడు వందల మందికి 'బుడ్డల కరం ఉండాది' అని పోయింది. పోయిన మెయిలును వెనక్కి పిలవడం కుదరదట.

"పోయింది పేరు. చదువురాని వాళ్ళనుకుంటారు" అంది షమీమ్.

"వచ్చిందే మొన్న గదా మాకు" అన్నాను.

పదిన్నరకు తెర మీద మూడు. పదకొండుకు పంతొమ్మిది. ఆ తర్వాత అంకె ఎగరడం మొదలుపెట్టింది. ఆర్డరు వచ్చినప్పుడల్లా షమీమ్ ఫోను టింగుమంటోంది. టింగుమన్నప్పుడల్లా రామలక్షుమ్మ ఉలిక్కిపడుతోంది. ఉత్తరాలు కూడా వచ్చాయి. పూణేలో ఉద్యోగం చేసే ఆదోని పిల్లాడు రాశాడు: 'అవ్వా, దీర్ఘం మర్చిపోయినారు. నాలుగు డబ్బాలు పంపండి.' బళ్ళారి నుంచి ఒకామె: 'బుడ్డలు అనే మాట చూసి శానా రోజులాయె. కరమైనా సరే, కారమైనా సరే, బిరీన పంపండి.' కర్నూలు నుంచి ఒక పంతులు తప్పు దిద్ది, కింద ఆర్డరు పెట్టాడు. దాదాపు అందరూ దీర్ఘం గురించే రాశారు. ఆ తప్పు వాళ్ళను పట్టి లాగినట్టుంది.

నిద్రపోలేదు. తెల్లవారేదాకా డబ్బాలు కట్టాం. ఆరింటికి టెంపో వచ్చింది. డ్రైవరు మాబాషా దిగి, "సరుకు యాడ పెద్దమ్మా?" అన్నాడు.

"నీకు లేదప్పా. ఎవురి సరుకు వాళ్ళు తీసుకున్నారు."

"మరి మా సేటుకు ఏం చెప్పల్ల?"

"గుండ్రాయి అమ్మకానికి లేదని చెప్పు. నువ్వు మాత్రం రా, అన్నం ఉడుకుడుకుగా ఉండాది."

ఖాళీ టెంపో పక్కన కూర్చుని, బుడ్డల కారం కలుపుకుని రెండుసార్లు పెట్టించుకుని తిన్నాడు. సేటుకు ఏం చెప్పాడో నాకు తెలియదు. ఆయన మళ్ళీ రాలేదు.

ఇక ఆ చుక్క సంగతి.

షమీమ్ అంటుంది, మెయిళ్ళను తనిఖీ చేసే మిషన్లు ఉంటాయట. ఎవరూ తాకకుండానే అవే లింకులు తెరిచి చూస్తాయట. ఉండొచ్చు. కానీ మిషను దీర్ఘం ఎందుకు మర్చిపోతుంది? అంటే ఆమె లాప్‌టాపు మూసేస్తుంది. నరసమ్మ మెయిలు ఇంకెవరి ఫోన్లోనైనా ఉందేమో అన్నారు. కర్నూలు హాస్టల్లో ఉండే మనవరాలిని అడిగాం. అవ్వకు మెయిలు ఉన్నట్టే తనకు తెలియదంది. ఎవరో కొత్తగా చదువు నేర్చుకుంటున్న ముసలామె కావొచ్చు అని రామలక్షుమ్మ అంటుంది. అలా అనేటప్పుడు నా ముఖం వైపు చూడదు.

నేను తర్వాత చాలా రాత్రులు షెడ్డులో కూర్చుని రేకులు విన్నాను. ఒక్కోసారి ఒకటి. ఒక్కోసారి వరసగా అయిదు. భయం వేసిందా అంటే, వేసింది. మళ్ళీ రావాలని ఉందా అంటే... అదీ ఉంది. పరీక్ష జాబితాలో ఆ మూడో పేరు తీసెయ్యమంటావా అని షమీమ్ అడిగింది. ఉండనీ అన్నాను. ఆ తర్వాత ఎన్నో మెయిళ్ళు పంపాం. ఆ పేరు మీద ఎవరూ తెరవలేదు. అది ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. తెలిసినట్టు రాస్తే అబద్ధమవుతుంది.

నమ్మనివాళ్ళు అడిగి తెలుసుకోవచ్చు. ఆ రాత్రి నుంచి పొద్దుటిదాకా ఆ షెడ్డులో ఉన్నవాళ్ళ పేర్లు రాస్తున్నాను. నేను, ఓబులమ్మ. కారం వేయించే రామలక్షుమ్మ. సైటు చూసే షమీమ్. ఆరింటికి వచ్చిన టెంపో డ్రైవరు మాబాషా. వీళ్ళ తర్వాత నరసమ్మ అని రాసి, కొట్టేశాను. ఎంత గట్టిగా కొట్టేసినా, కింద పేరు చదవడానికి వస్తూనే ఉంది.